పక్షమా? పట్టణమా?

పురపాలక పదవి అల్పమైనదని తలచువారు అమెరికాలోని స్కెనెక్టడీ పట్టణ చరిత్రము నొకసారి పరికింపవలెను. 1910లో 72,826 మంది జనులు గల పారిశ్రామిక పట్టణమది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీయు, రైలుయంత్రముల కర్మాగారమును దానికి జీవగఱ్ఱలు. అచ్చట క్రైస్తవ మతాచార్యుడుగా నుండిన జార్జి లన్ 1911 ఎన్నికలలో సామ్యవాద పక్షము తరఫున మేయరుగా నెన్నుకొనబడెను.

ఆయన మాటలతో కాలము పుచ్చినవాడు కాడు. పురపాలక సంఘమే మంచుగడ్డలను చౌకగా అమ్మబూనగా, వర్తకులు న్యాయస్థానమున కేగి నిషేధాజ్ఞ తెచ్చిరి. విద్యుచ్ఛాస్త్రమున ప్రఖ్యాతుడగు స్టైన్‌మెట్జ్‌ను విద్యాసంఘమునకు తెచ్చెను. 1912 అక్టోబరులో లిటిల్ ఫాల్స్ నేతమిల్లుల సమ్మెలో వీథిసభలు నిషేధింపబడగా, తాను మేయరయ్యును అచ్చటి కేగి ప్రసంగించి నిర్బంధింపబడెను.

అయినను స్వపక్షము తృప్తి చెందలేదు. ఆయనకు కార్యదర్శిగా వచ్చిన వాల్టర్ లిప్‌మన్, ఇది వట్టి సంస్కరణమే గాని సామ్యవాదము కాదని కొలది నెలలకే వెడలిపోయెను. 1913లో ప్రతిపక్షము లేకమై లన్‌ను ఓడించెను. 1915లో ఆయన మరల గెలిచెను. అంతట అసలు తగవు తలయెత్తినది: ఉద్యోగులను నియమించువాడు మేయరా, పక్షమా? 1916లో పక్షముతో బంధము తెగెను. ఆ యేడే డెమోక్రాటుగా కాంగ్రెసున కెన్నికయ్యెను. 1919లోను, 1921లోను పట్టణ మాయననే తిరిగి మేయరుగా వరించెను. 1923–24లో రాష్ట్రమునకు ఉపగవర్నరుగా నుండెను.

ఇందు దోషమెవ్వరిది? ఉద్యోగపు చీటీలన్నియు పక్ష కార్యాలయముననే వ్రాయబడవలెననుట అన్యాయము. ఏలయన వీథిదీపము, మురుగుకాలువ పక్షభేదము నెఱుగవు. పన్ను లిచ్చువారందరికిని మేయరు జవాబుదారి. కాని ఒక జెండా క్రింద ఓట్లు గొన్నవాడు, ఆ జెండాను విడిచిన దినముననే ఆ పదవిని గూడ ప్రజల ముందుంచి మరల తీర్పు కోరుట ధర్మము. లన్ వేఱొక పదవికై ప్రజల నడిగెనే గాని, ఉన్న పదవికై అడుగలేదు. తరువాతి గెలుపులు ఆయన సమర్థతకు సాక్ష్యమగును. ఆనాటి లోపమును మాత్రము మాపజాలవు.

సిద్ధాంతము పక్షమునకు, పరిపాలనము పట్టణమునకు, తుదితీర్పు ఓటరునకు చెందవలెను. ఈ మూటి హద్దులను చెరుపువాడెంతటి సమర్థుడైనను ప్రజలకు ఋణపడియే యుండును.