ముందు చక్రం లేపే ముందు

హీరోగారు బండి ముందు చక్రాన్ని గాల్లోకి లేపారు. హాల్లో ఈలలు, చప్పట్లు, చింపిన కాగితాల వాన! ఆట విడిచాక శ్రీకాకుళంలోనైనా, విజయనగరంలోనైనా సైకిల్ స్టాండు దగ్గర ఒకటే మాట: "ఏటి బావూ, మనం లేపలేమేటి?"

ఎందుకు లేపలేరు? లేపగలరు. చిక్కల్లా దింపడంలోనే!

యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే ఇంజను బలమంతా వెనక చక్రానికి వెళుతుంది. ఒళ్లు కాస్త వెనక్కి వాల్చితే ముందు చక్రం లేస్తుంది. కానీ అది నేల విడిచిన క్షణం నుంచి హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు. ముందు బ్రేకు పట్టినా ఆగదు. మామూలుగా బండిని ఆపడంలో ఎక్కువ పని ఆ బ్రేకుదే సుమా! ఇక మిగిలింది కాలి బ్రేకు ఒక్కటే. దాన్ని మెల్లగా తొక్కితేనే ముందు భాగం దిగుతుంది. బెదిరిపోయి యాక్సిలరేటర్ ఠక్కున వదిలేస్తే చక్రం దభీమని నేలకు కొట్టుకుంటుంది. ఇంకా తిప్పారో, బండి మీద మీరు కాదు, మీ మీద బండి! అందుకే తెలిసినవాళ్లు ఖాళీ మైదానంలో, హెల్మెటూ మోకాలి కవచాలూ తొడిగించి, ముందు కాలి బ్రేకే నేర్పుతారు. లేపడం ఆ తర్వాత.

సాహసం మనవైపు కొత్తేం కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు రెండు కార్లను గొలుసులతో కట్టి కదలకుండా ఆపేవారు. ఏనుగును రొమ్ము మీద నిలబెట్టుకునేవారు. ముందు విజయనగరం వ్యాయామశాలలో ఏళ్ల తరబడి కసరత్తు, తర్వాత మద్రాసులో శిక్షణ, ఆ తర్వాతే సర్కస్ డేరా! శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరు ఊరికే పెట్టలేదు.

ఈ కాలం మాటే చెప్పుకుందాం. 2023లో వచ్చిన 'మిషన్ ఇంపాజిబుల్' చిత్రంలో టామ్ క్రూజ్ నార్వేలో కొండ మీంచి మోటార్ సైకిల్‌తో సహా దూకాడు. తెర మీద అది కొన్ని క్షణాలే. దానికోసం సాధన చేసినవి 500కు పైగా పారాచూట్ దూకుళ్లు, 13,000 బండి గెంతులు! పైగా సినిమాలో కట్టిన తాళ్లను కంప్యూటరు చెరిపేస్తుంది. రోడ్డు మీద తాడూ లేదు, రెండో టేకూ లేదు.

విన్యాసాలే చేయనక్కర్లేదు. 2021 సెప్టెంబరు 10న హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర సాయిధరమ్ తేజ్ బండి జారి పడ్డారు. రోజుల తరబడి స్పృహ లేదు. హెల్మెటే కాపాడిందని తర్వాత ఆయనే చెప్పారు. 2023లో 'విరూపాక్ష'తో మళ్లీ మన ముందుకొచ్చారు. హెల్మెట్ లేకపోతే ఆ 'విరూపాక్ష' ఏదీ?

ఇంకో మాట. 18 నిండని తమ్ముడు బండితో పట్టుబడితే, 2019లో సవరించిన చట్టం ప్రకారం 25,000 రూపాయల జరిమానా, మూడేళ్లదాకా జైలు పడవచ్చు. అతనికి కాదు, నాన్నగారికి!

నేర్చుకోవాలనుంటే నేర్చుకోండి, మైదానంలో, గురువు దగ్గర. భోగాపురం, ఎచ్చెర్ల మీదుగా పోయే హైవే మీద మాత్రం వద్దు. ఎదురొచ్చే లారీ డ్రైవరుకి మీరే హీరో అని తెలీదు కదా!