గృహిణీ విజ్ఞానము: ఊరు విడిచినను ఊరివారే



మా వీథిలోని యొక కోడలు పెట్టిన కన్నీరు ఈ నెల మాచేత ఈ విషయమును వ్రాయించుచున్నది. ఆమె భర్త సైన్యమున హవల్దారు. అతనితో కూడ ఉత్తరదేశమునందలి సైనిక నివాసములలో కాపురముండి, 2024వ సంవత్సరము మే నెలలో ఎన్నికలనాటికి అత్తవారింటికి వచ్చినది. ఓటు వేయబోగా జాబితాలో పేరు లేదు. "ఊరిలో నుండుట లేదని తీసివేసినారట, పిన్నిగారూ! అక్కడ పరాయిదానను, ఇక్కడను పరాయిదాననేనా?" అని మాతో చెప్పుకొని దుఃఖించినది. ఆమె భర్త మాత్రము తపాలా మూలమున ఓటు వేసియే యున్నాడు.

మా యింటివారు ఉపాధ్యాయులగుటచే ఎన్నికల పనికి పోవుచుందురు. వారివద్దనున్న పుస్తకములు తెప్పించుకొని చదివితిమి. 1950వ సంవత్సరపు ప్రజా ప్రాతినిధ్య చట్టము, 20వ సెక్షనులో, ఈ సంగతి స్పష్టముగా కలదు. సైనికుడు కొలువులో లేకున్నచో ఏ నియోజకవర్గమున నివసించి యుండెడివాడో, ఎంత దూరముననున్నను ఆ చోటివానిగనే అతని నెంచవలెను. పదునాలుగేండ్లు అడవులలో నున్నంత మాత్రమున శ్రీరాముడు అయోధ్యవాడు కాడని యెవరైన ననిరా?

ఇక భార్య మాట. సీతవలె భర్తవెంట నరిగి అతనితో నివసించు నిల్లాలికిని ఇదే హక్కు కలదు. ఊర్మిళవలె అత్తవారింట నిలిచిన యామె మాత్రము అందరివలెనే ఆ యూరి సాధారణ జాబితాలో పేరు వ్రాయించుకొనవలెను. రెండు చోట్ల పేరుండుట తగదు.

వెంటనున్న భార్య వేరుగా దరఖాస్తు పెట్టనక్కరలేదు. సైనికుడు నింపు రెండవ నమూనా ఫారములోనే, భార్య తనతో నివసించుచున్నదని తెలిపి ఆమె పేరు వ్రాయవలెను. అది అతని దళపు అధికారుల ద్వారా స్వస్థలమునకు చేరును. సొంత నియోజకవర్గపు జాబితా చివరి భాగమున దంపతులిరువురి పేర్లును ఎక్కును. మన హవల్దారు తన పేరు వ్రాసి, భార్య గడిని ఖాళీగా విడిచినాడు! అంతయు ఆ యొక్క గడిలోనే యున్నది. పదునెనిమిదేండ్లు నిండిన బిడ్డలకు మాత్రము ఈ సదుపాయము లేదు. వారు నివసించు చోటనే పేరు నమోదు చేయించుకొనవలెను.

ఇట్టి యోటర్లకు ఓటుపత్రము 2016 నుండి విద్యున్మాధ్యమమున పంపబడుచున్నది. దానిని అచ్చు తీసి, గుర్తు పెట్టి, తపాలాలో పంపవలెను. లెక్కింపు మొదలగు వేళకు మునుపే అది చేరవలెను గాన జాగు తగదు.

మఱియొక విశేషము. చట్టమున "భార్య" యనియే యుండుటచే, సైన్యమున పనిచేయు స్త్రీ భర్తకు ఈ హక్కు లేకుండెను. 2021లో ఆ మాటను "జీవిత భాగస్వామి" యని సవరించిరి. 2022 ఆగస్టు 1 నుండి అది అమలులోనికి వచ్చినది. వీరమాత లనుటయే కాదు, వీరవనితలను చట్టము గుర్తించుటయు మనకు సంతోషకరమే.

పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమును లోకులు మిలిటరీ మాధవరమని పిలుతురు. అట్టి యూళ్ళలోనే గాక, మీ బంధువులలోను సైనికుని చేపట్టిన పడుచులుందురు. వారికి జాబు వ్రాయునపుడు కుశల ప్రశ్నలతోపాటు ఈ ప్రశ్నయు నడుగుడు: "అమ్మాయీ, అబ్బాయి నింపిన కాగితములో నీ పేరున్నదా?"

మా వీథి కోడలు మరల భర్తవద్దకు వెళ్లినది. మొన్న ఆమెనుండి జాబు వచ్చినది. అందులో మొదటి వాక్యమిది: "పిన్నిగారూ, నా పేరు మన యూరి జాబితాలో నెక్కినది."