చేతికి పట్టీ, భుజాన భారం



సెలవులు వచ్చాయంటే మన పల్లెల్లో ఆటల పోటీలు మొదలవుతాయి. క్రికెట్, వాలీబాల్, కబడ్డీలతో పాటు ఇప్పుడు ఫుట్‌బాల్ కూడా మన పిల్లల కాళ్ళకు అలవాటవుతోంది. సంతోషించవలసిన విషయమే. అయితే జట్టు కట్టీ కట్టగానే ఒక తగువు లేస్తుంది. కెప్టెన్ ఎవరు? బంతి కొనిచ్చినవారి అబ్బాయా? ఎక్కువ గోల్స్ కొట్టేవాడా? గట్టిగా కేకలేసేవాడా? ఈ పేట వాడా, ఆ పేట వాడా? పోటీలో ఓడి చెదిరిపోయిన జట్లకన్నా ఈ ఒక్క ప్రశ్న దగ్గర చెదిరిపోయిన జట్లనే మనం ఎక్కువగా చూస్తున్నాం. నిన్నటిదాకా ఒకే బండి మీద తిరిగిన స్నేహితులు మాట్లాడుకోవడం మానేస్తారు. ఆ కోపం ఇళ్ళలోకి, పెద్దల మధ్యకు కూడా పాకుతుంది. అందుచేత పిల్లల ఆటే కదా అని వదిలేయదగిన సంగతి కాదిది. మంచి కెప్టెన్ అంటే ఎవరో ఈ వారం కలిసి ఆలోచన చేద్దాం.

ముందుగా ఆట నియమాలు ఏమంటున్నాయో గమనించండి. ప్రపంచమంతటా ఫుట్‌బాల్‌ను నడిపించే నియమాలు 17 ఉన్నాయి. ప్రతి జట్టుకూ మైదానంలో ఒక కెప్టెన్ ఉండాలని, చేతికి పట్టీ కట్టుకోవాలని అవి చెబుతాయి. ఆ కెప్టెన్‌కు ప్రత్యేకమైన హోదా గానీ, హక్కులు గానీ లేవని కూడా స్పష్టంగా చెబుతాయి. మరి ఏముంది? తన జట్టు ప్రవర్తన విషయంలో కొంత బాధ్యత ఉంది. అంతే. టాస్ వేసేటప్పుడు ముందుకు రావాలి, తనవాళ్ళు హద్దు దాటితే సర్దిచెప్పాలి. 2024 యూరో కప్పులో రిఫరీ నిర్ణయం గురించి అడగడానికి కెప్టెన్ ఒక్కడే దగ్గరికి రావాలని కట్టడి చేశారు. పదిమంది మీదపడి అరిచే అలవాటును మాన్పించడానికే అలా చేశారు. అంటే తక్కినవారి కోపాన్ని తాను దిగమింగి, మర్యాదగా ఒక్క మాట అడగడం కెప్టెన్ పని అయింది. ఆ పట్టీ అధికారానికి గుర్తు అని మనం అనుకుంటున్నాం. నియమం దృష్టిలో అది జవాబుదారీకి గుర్తు.

ఈ జవాబుదారీ ఎలా ఉంటుందో 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో లోకమంతా చూసింది. యూరో కప్పులో డెన్మార్క్, ఫిన్లాండ్ ఆడుతున్నాయి. మొదటి సగం ముగియవస్తుండగా డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ గుండె ఆగి కుప్పకూలాడు. కెప్టెన్ సైమన్ కెయర్ పరుగున అతని దగ్గరికి చేరాడు. ఊపిరాడేలా పక్కకు పడుకోబెట్టడానికి సాయపడ్డాడు. వైద్యులు గుండెను నొక్కుతుంటే, తన జట్టువాళ్ళను చుట్టూ గోడలా నిలబెట్టాడు. పడిపోయిన మనిషి అవస్థను కెమెరాలు, జనం కళ్ళు చూడకుండా వాళ్ళు వీపులు అటు తిప్పి నిలబడ్డారు. ఎరిక్సన్ జీవిత సహచరి ఏడుస్తూ మైదానంలోకి వస్తే, కెయర్, గోల్‌కీపర్ కాస్పర్ స్మైకెల్ ఆమె దగ్గరికి వెళ్ళి ఓదార్చారు. ఎరిక్సన్ బ్రతికాడు. మళ్ళీ ఆడాడు. 2024 యూరో కప్పులో డెన్మార్క్ మొదటి ఆటలోనే గోల్ కూడా కొట్టాడు.

ఆ సాయంత్రమే ఆట తిరిగి మొదలైంది. డెన్మార్క్ 1-0తో ఓడింది. మనసు కుదుటపడని కెయర్ రెండో సగం మధ్యలోనే బయటికి వచ్చేశాడు. అతడు ఆ ఆట గెలిపించలేదు, చివరిదాకా ఆడనూ లేదు. అయినా ఆ సంవత్సరం యూరప్ ఫుట్‌బాల్ సంఘం తన అధ్యక్షుని పురస్కారాన్ని అతనికి, ఆ వైద్య బృందానికి కలిపి ఇచ్చింది. ఇంకొక సంగతి చూడండి. ఆ జట్టులో పేరుమోసిన ఆటగాడు ఎరిక్సన్. పట్టీ ఉన్నది వెనక నిలబడి కాపుకాసే కెయర్ చేతికి. గోల్ కొట్టేవాడు ఒకడు, పడినవాడి దగ్గరికి పరుగెత్తేవాడు ఒకడు. రెండూ వరాలే గానీ, రెండూ ఒకటి కావు.

పడింది ఒక్కడు కాక జట్టంతా అయితే? 1950 జూలై 16న బ్రెజిల్‌లోని మరకానా మైదానంలో అదే జరిగింది. ప్రపంచ కప్పు తేల్చే చివరి ఆట. లక్షా డెబ్బై వేలకు పైగా జనం. బ్రెజిల్‌కు సమానంగా ముగిసినా కప్పు దక్కుతుంది. రెండో సగం మొదలవగానే బ్రెజిల్ గోల్ కొట్టింది. జనం హోరు ఆకాశాన్నంటింది. అప్పుడు ఉరుగ్వే కెప్టెన్ ఒబ్దులియో వరేలా బంతిని చేత్తో తీసుకుని, చంకలో పెట్టుకుని, నెమ్మదిగా నడిచాడు. అది ఆఫ్‌సైడ్ అంటూ ఆట మొదలుకాకుండా కొంతసేపు ఆపాడు. ఈలోగా ఆ హోరు చల్లారింది, అతని మనుషులకు ఊపిరి అందింది. ఆ తర్వాత ఉరుగ్వే రెండు గోల్స్ కొట్టి 2-1తో కప్పు గెలిచింది. రిఫరీతో వాదించడం మనం నేర్చుకోవలసిన పాఠం కాదు. నేర్చుకోవలసింది ఆ నడక. అందరి గుండెలూ జారిపోయిన వేళ ఒక్కడు తొందరపడకపోతే, మిగతా పదిమందీ నిలబడతారు. మన మైదానాల్లో గోల్ పడగానే ఏం జరుగుతోంది? అందరూ గోల్‌కీపర్ మీద విరుచుకుపడతారు. ఆ పిల్లవాడు తల దించుకుంటాడు. రెండో గోల్ కూడా పడేది అందుకే.

"అయ్యగారూ, బాగా ఆడేవాడి మాటే కదా మిగతావాళ్ళు వినేది?" అని మన యౌవనస్థులు అడుగుతారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఆట రానివాడికి పట్టీ కడితే ఎవరూ లక్ష్యపెట్టరు. కానీ ఆట ఒక్కటే చాలదు. 2006 జూలై 9న బెర్లిన్‌లో ప్రపంచ కప్పు ఫైనల్. ఫ్రాన్స్ కెప్టెన్ జినదిన్ జిదాన్‌కు అదే ఆఖరి ఆట. ఆ కప్పులో ఉత్తమ ఆటగాడి బహుమతి ఆయనకే దక్కింది. మొదట్లో పెనాల్టీ గోల్ కొట్టాడు కూడా. అదనపు సమయంలో, 110వ నిమిషంలో, ఇటలీ ఆటగాడు మాటెరాజీ మాటలకు రెచ్చిపోయి తలతో అతని ఛాతీ మీద పొడిచాడు. రెడ్ కార్డు. ఫ్రాన్స్ పదిమందితో మిగిలింది. పెనాల్టీల వేళకు వాళ్ళ కెప్టెన్ లేడు. 5-3తో ఇటలీ గెలిచింది. జిదాన్ ఉంటే ఫ్రాన్స్ గెలిచేదని మనం చెప్పలేం. కానీ జట్టుకు అత్యంత అవసరమైన గడియలో అతడు అక్కడ లేడన్నది మాత్రం నిజం. మామూలు ఆటగాడి కోపానికి ఖరీదు ఒకటైతే, కెప్టెన్ కోపానికి ఖరీదు పదిమంది చెల్లిస్తారు.

మన దేశం మాట కూడా చెప్పుకోవాలి. స్వతంత్ర భారతదేశం 1948లో లండన్ ఒలింపిక్స్‌కు పంపిన ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్ తాలిమెరెన్ ఆవ్. నాగా కొండల బిడ్డ, ఒక పాస్టరుగారి కుమారుడు. ఒలింపిక్స్ ప్రారంభంలో మన పతాకాన్ని పట్టుకుని నడిచింది కూడా ఆయనే. మనవాళ్ళలో ఎక్కువమంది వట్టికాళ్ళతోనే ఆడి, ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడారు. రెండు పెనాల్టీలు చేజారాయి. ఓడిన జట్టు కెప్టెన్ కదా, ఆయనను ఎందుకు గుర్తుపెట్టుకోవాలి? ఆ తర్వాత ఏం చేశాడో చూడండి. కలకత్తాలో వైద్య విద్య ముగించి, తన కొండలకు తిరిగి వెళ్ళి, తన ప్రజలకు వైద్యుడయ్యాడు. పట్టీ విప్పేశాక కూడా భారం దించుకోలేదు. మంచి కెప్టెన్‌కు ఇంతకన్నా గట్టి రుజువు మాకు కనిపించదు.

కాబట్టి ఈసారి జట్టు కట్టేటప్పుడు అబ్బాయిలైనా, అమ్మాయిలైనా కొన్ని సంగతులు చూడండి. గోల్ పడినప్పుడు గోల్‌కీపర్ భుజం తట్టేది ఎవరు? ఇంకో పేట పిల్లవాడు ఖాళీగా ఉన్నప్పుడు బంతి అతనికి అందించేది ఎవరు? తనను బయట కూర్చోబెట్టినా అలగకుండా ఆడేవాళ్ళకు నీళ్ళు అందించేది ఎవరు? ఆట అయిపోయాక బంతులు, వలలు ఏరి తెచ్చేది ఎవరు? జట్టులో అందరికన్నా చిన్నవాణ్ణి పిలిచి, "నీకు దెబ్బ తగిలితే ముందు ఎవరు వస్తారు?" అని అడగండి. వాడు చెప్పే పేరు రాసుకోండి.

పెద్దలకు కూడా ఒక మనవి. బంతి కొనిచ్చాం, జెర్సీలు కుట్టించాం కాబట్టి మా వాడే కెప్టెన్ కావాలని అడగకండి. ఇచ్చింది ఇచ్చినట్టే ఉండనివ్వండి. పట్టీని కొనుక్కున్న పిల్లవాడికి దాని బరువు ఎప్పటికీ తెలియదు. తెలియనివాడి వెనక నడిచిన జట్టు మొదటి గాలివానకే చెదిరిపోతుంది. మన పిల్లలు కప్పు గెలవకపోయినా ఫరవాలేదు. పోటీ ముగిసిన సాయంత్రం పదకొండు మందీ కలిసి ఇంటికి నడిచి వస్తే చాలు. వాళ్ళలో అందరికన్నా వెనక, కుంటుతున్నవాడి పక్కన నడిచేవాడెవరో చూడండి. ఆ పట్టీ అతనికి కట్టండి.