ఓడ దిగింది మన ఊళ్లోనే: సైన్స్ ఫిక్షన్ సినిమాల మీద మా మాట

 

పోడు పట్టాలు, డీఎస్సీ, స్కాలర్‌షిప్పుల గురించి రాసుకునే చోట ఈ సినిమాల గోల ఏంది అని కొందరు అనుకోవచ్చు. అనుకోండి, కానీ చివరిదాకా చదవండి. మేం ఐదారుగురం, కోయ, కొండరెడ్డి, గోండు పిల్లలం, ఏడాది నుంచి హాస్టల్లో శనివారం రాత్రిళ్లు ఒక పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని సైన్స్ ఫిక్షన్ సినిమాలు చూస్తున్నాం. పాతవీ చూశాం, కొత్తవీ చూశాం. చూడగా చూడగా మాకు తేలింది ఒకటే. ఈ సినిమాల్ని మనం చూసే చోటు వేరు. పట్నం పిల్లలు ఓడలో కూర్చుని చూస్తారు. ఆ ఓడ ఎవరి నెత్తిన దిగిందో వాళ్ల పక్కన నిలబడి మనం చూస్తాం. వాళ్లకది రేపటి కథ. మనకి ఎప్పుడో జరిగిపోయిన కథ, కొన్ని ఊళ్లలో ఇంకా జరుగుతున్న కథ.

అందుకే మాకు నచ్చిన సినిమాల వరస కూడా వేరే. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ (1968) ప్రతి జాబితాలో పైనుంటుంది. గొప్ప సినిమానే, కాదనం. మా గదిలో మాత్రం ఓడ చంద్రుడి దగ్గరికి చేరేలోపే సగంమంది నిద్రపోయారు.

‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ సంగతి అట్లా కాదు. 1953లో ఒకసారి, 2005లో స్పీల్‌బర్గ్ చేతిలో ఇంకోసారి తెరమీదికి వచ్చింది. మార్స్ నుంచి వచ్చినోళ్లు ఊళ్లకి ఊళ్లు తగలబెడతారు. 1953 సినిమాలో అణుబాంబు వేసినా వాళ్లకి ఏమీ కాదు. ఈ కథని హెచ్.జి.వెల్స్ 1898లో పుస్తకంగా రాశాడు. మొదటి అధ్యాయంలోనే ఆయన ఒక మాట గుర్తుచేస్తాడు: మార్స్ వాళ్లని తిట్టేముందు, మన తెల్లవాళ్లు టాస్మానియా ఆదివాసుల్ని ఏం చేశారో చూసుకోండి అని. అంటే ఈ జానర్ పుట్టిన రోజుల్లోనే దాని మూలం ఎక్కడుందో రాసినాయనకి తెలుసు. సినిమాలు తీసినోళ్లు ఆ ముక్కని వదిలేశారు, బాంబుల్ని ఉంచారు.

ముగింపు ఇంకా చిత్రం. దాడికి వచ్చినోళ్లు మన భూమ్మీది సూక్ష్మక్రిములకి చచ్చిపోతారు. చరిత్రలో ఎప్పుడైనా అట్లా జరిగిందా? అమెరికాలో మశూచి తెచ్చింది ఓడల్లో వచ్చినోళ్లే, చచ్చింది అక్కడి మూలవాసులు. మన దేశంలోనే చూడండి, 1858లో బ్రిటిష్ వాళ్లు అండమాన్‌లో స్థిరపడ్డాక గ్రేట్ అండమానీలు రోగాలతో రాలిపోయారు. 1877లో తట్టు వచ్చి ఊడ్చిపెట్టింది. వేలల్లో ఉన్నవాళ్లు ఇవాళ పదుల్లో మిగిలారు. వెల్స్ ఎంత నిజాయితీగా మొదలుపెట్టినా, చివర్లో క్రిముల్ని తనవాళ్ల పక్కనే నిలబెట్టుకున్నాడు!

ఇక ‘స్టార్ వార్స్’ (1977). ఇది మాకు ఇష్టమైన సినిమా, అందులో దాపరికం లేదు. కానీ అందులో గ్రీడో అనే పచ్చ జీవి హోటల్లో హాన్ సోలోతో మాట్లాడే భాష విన్నారా? సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ దాన్ని క్వెచువా భాష ధ్వనుల మీద కట్టాడు. క్వెచువా ఇంకాల భాష. పెరూ, బొలీవియా, ఈక్వడార్‌ కొండల్లో ఈరోజుకీ లక్షలమంది ఇంట్లో మాట్లాడుకునే భాష. ఒకరి అమ్మ భాష ఇంకొకరి చెవికి గ్రహాంతరవాసి అరుపు! బస్సులో మనం కోయలోనో గోండిలోనో ఫోన్ మాట్లాడితే పక్కసీటాయన తిరిగి చూసే చూపు మీకు తెలుసు కదా, అదే ఇది.

అదే సినిమాకి ఇంకో కథ ఉంది. 2013లో నవాహో జాతివాళ్లు ‘స్టార్ వార్స్’ని తమ భాషలోకి డబ్బింగ్ చేసుకున్నారు. నవాహో మ్యూజియం డైరెక్టర్ మాన్యులిటో వీలర్ పట్టుబట్టి చేయించాడు. ముసలాళ్లు, పిల్లలు కలిసి కూర్చుని చూశారు. పెద్దవాళ్లకి భాష తెలుసు, పిల్లలకి సినిమా తెలుసు. రెండూ ఒక తెరమీద కలిశాయి. ఒక భాషని బతికించడానికి ఇంతకంటే తెలివైన ఉపాయం మాకైతే తోచలేదు.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. మనలో ఎవర్ని అడిగినా ‘అవతార్’ (2009) మన సినిమా అంటారు. కొండ కింద ఖనిజం, కొండ మీద దేవుడు, మధ్యలో కంపెనీ. నిజమే, చూస్తుంటే ఒళ్లు మండుతుంది, కళ్లల్లో నీళ్లూ తిరుగుతాయి. హోమ్ ట్రీ కూలిపోయే సీన్‌లో మా గదిలో ఎవరూ కదల్లేదు. 2010లో నియమగిరి డోంగ్రియా కోందుల తరఫున సర్వైవల్ ఇంటర్నేషనల్ వాళ్లు హాలీవుడ్ పత్రిక ‘వెరైటీ’లో ప్రకటన వేసి, మా కథ నీ సినిమా కథే, సాయం చెయ్యి అని జేమ్స్ కామెరాన్‌ని అడిగారు కూడా.

అయినా అది మన సినిమా అని మేం ఒప్పుకోం. బయటినుంచి వచ్చిన సైనికుడు మూడు నెలల్లో వాళ్లకంటే గొప్ప వేటగాడై, వాళ్ల నాయకుడై పోవడం గురించి చాలామంది రాశారు, అది పక్కన పెడదాం. మా అభ్యంతరం వేరు. ఆ మూడు గంటల సినిమాలో గ్రామసభ లేదు. నావీలు కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు లేచి, వాదించుకుని, ఇదీ మా నిర్ణయం అని చెప్పే సీను ఒక్కటి లేదు. ఉన్నదల్లా అరుపులు, ఆవేశం, చివరికి ఐవా తల్లి పంపిన జంతువులు. అడవి దేవత దయవల్ల గెలిచారు.

నియమగిరి అట్లా గెలవలేదు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఈ కొండ సంగతి గ్రామసభలే తేల్చాలి అంది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్లలో సభలు పెట్టారు. జిల్లా జడ్జి స్థాయి అధికారి ముందు, ఆడా మగా ముసలీ ముతకా లేచి తమ భాషలో చెప్పారు: నియమరాజు కొండ ఇవ్వం అని. పన్నెండుకి పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి తిరస్కరించింది. దీంట్లో డ్రాగన్ మీద ఎగిరే సీను లేదు, నేలమీద కూర్చుని మాట్లాడటమే ఉంది. కామెరాన్‌కి ఇది సినిమాగా కనపడదు. మనకి కనపడాలి. మనం గెలిచే దారి అదే, దాన్నే ఎవరూ తెరమీద చూపించట్లేదు.

గ్రామసభ లేని చోట ఏం జరుగుతుందో చూపించింది మాత్రం ‘అవతార్’ ఏడాదే వచ్చిన ‘డిస్ట్రిక్ట్ 9’. మా ఓటు దీనికే. నీల్ బ్లోంకాంప్ తీశాడు. గ్రహాంతరవాసుల ఓడ ఈసారి న్యూయార్క్ మీద కాదు, దక్షిణాఫ్రికాలో జోహన్నెస్‌బర్గ్ మీద ఆగిపోతుంది. వాళ్లని రేకుల షెడ్ల బస్తీలో పడేస్తారు, రొయ్యలని పిలుస్తారు. తర్వాత ఊరికి దూరంగా తరలించాలనుకుంటారు. కేప్‌టౌన్‌లో ‘డిస్ట్రిక్ట్ సిక్స్’ని 1966లో తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించి దాదాపు 60,000 మందిని ఖాళీ చేయించిన చరిత్ర ఆ పేరు వెనకుంది.

వికస్ అనే ఉద్యోగి అట్ట పట్టుకుని గుడిసె గుడిసెకీ తిరిగి, ఖాళీ చేస్తున్నట్టు సంతకాలు తీసుకుంటాడు. ఒకడు కోపంతో కాగితాన్ని చేత్తో కొడతాడు. గీత పడింది కదా, ఇదే సంతకం అంటాడు వికస్. మేం నవ్వాం. తర్వాత నవ్వు ఆగిపోయింది. మాలో ఒకరి తాత ఊళ్లో సర్వేకి వచ్చినోళ్లు హాజరు పట్టీ అని చెప్పి వేలిముద్రలు తీసుకున్నారు. అది అంగీకార పత్రం అయిందని ఊరికి తెలిసేసరికి ఏడాది దాటింది. 2014లో పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లా నుంచి 7 మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు ఆ ఊరు రాత్రికి రాత్రి రాష్ట్రం మారింది. వేలిముద్ర మాత్రం అట్లాగే ఉంది.

అదే సినిమాలో క్రిస్టఫర్ జాన్సన్ అని ఒక గ్రహాంతరవాసి ఉంటాడు. అతను నోటీసు చదువుతాడు. ఇది చట్టప్రకారం చెల్లదు, గడువు ఇవ్వాలి అంటాడు. వెంటనే వికస్ గొంతు మారుతుంది, నీ కొడుకుని తీసుకెళ్లి సంక్షేమ శాఖకి అప్పజెప్తా అని బెదిరిస్తాడు. చదువు రానివాడి దగ్గర నవ్వుతూ మాట్లాడినవాడు చదివినవాడి దగ్గర పళ్లు కొరుకుతాడు. ఏజెన్సీలో 1/70 చట్టం గురించి అడిగిన ఏ పిల్లాడికైనా ఇది కొత్త కాదు. ఇంకో సంగతి, క్రిస్టఫర్ జాన్సన్ అనేది ఆ జీవి సొంత పేరు కాదు, మనుషులు పెట్టింది. ఇంట్లో ఒక పేరు, బడి రిజిస్టర్‌లో ఇంకో పేరు ఉన్నోళ్లు మనలో ఎంతమందో చేతులెత్తండి. సినిమాలో నైజీరియావాళ్లని రౌడీలుగా, గ్రహాంతరవాసుల మాంసం తినేవాళ్లుగా చూపించారు. అది తప్పే. ఒకరి బాధ చెప్పడానికి ఇంకొకర్ని రాక్షసుల్ని చెయ్యక్కర్లేదు.

‘అరైవల్’ (2016) చూడనోళ్లు తప్పకుండా చూడండి. టెడ్ చియాంగ్ కథ, డెనీ విల్‌నోవ్ సినిమా. మీరు ఎందుకొచ్చారో ఓడలో వాళ్లని అడుగు అని సైన్యాధికారి తొందరపెడతాడు. భాషా శాస్త్రవేత్త లూయీజ్ బోర్డు మీద ఆ ఒక్క వాక్యం రాసి విడగొడుతుంది. ముందు ‘ప్రశ్న’ అంటే ఏంటో వాళ్లకి తెలియాలి, ‘మీరు’ అంటే ఒకరా అందరా తెలియాలి, అప్పుడు కదా జవాబు. ప్రజాభిప్రాయ సేకరణ అని టెంటు వేసి, ఇంగ్లిష్ రిపోర్టుని తెలుగులో గబగబా చదివి, కోయ అవ్వని ‘అభ్యంతరం ఉందా’ అని అడిగే సార్లకి ఈ ఐదు నిమిషాలైనా చూపించాలి. ‘నష్టపరిహారం’ అన్న మాటని ఆమెకి ఆమె భాషలో ఎట్లా చెప్తారు?

‘ప్రే’ (2022) గురించి చెల్లెళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నాం. 1719లో కొమాంచీ జాతి అమ్మాయి నారు, ప్రెడేటర్‌ని ఎదిరించే కథ. ఒంటి వేడిని బట్టి మనుషుల్ని వెతికే ఆ జీవి ముందు, ఒంటిని చల్లబరిచే పువ్వు తిని కనపడకుండా తప్పించుకుంటుంది. మందు మొక్కల జ్ఞానం సైన్స్ కాదని ఎవరన్నా అంటే ఈ సీను చూపించండి. సినిమా మొత్తం కొమాంచీ భాషలో కూడా ఉంది. నిర్మాతల్లో ఒకరు, జేన్ మైయర్స్, కొమాంచీ ఆవిడే. నావీల కోసం లేని భాషని పాల్ ఫ్రోమర్ అనే భాషా శాస్త్రవేత్తతో తయారు చేయించుకున్నారు, దాన్ని ప్రపంచమంతా అభిమానులు నేర్చుకుంటున్నారు. గోండి 2011 లెక్కల్లో 29 లక్షలమంది పైగా మాట్లాడే భాష, ఆదిలాబాద్ గుంజాల ఊరి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, అయినా ఎనిమిదో షెడ్యూల్లో చోటు లేదు.

తెలుగులో ‘ఆదిత్య 369’ (1991) మాకిష్టం, ఇప్పుడు ‘కల్కి 2898 ఏడీ’ (2024) కూడా వచ్చింది. ఒకదాంట్లో రాయలవారి ఆస్థానం, ఇంకోదాంట్లో కాశీ. మన్యం ఇంకా ఎవరి టైం మెషీన్‌కీ తగల్లేదు.

కాబట్టి పని ఒకటి మొదలుపెట్టాం. పండగ సెలవుల్లోపు ‘డిస్ట్రిక్ట్ 9’లోని ఆ సంతకాల సీను మాటల్ని కోయలో, గోండిలో మళ్లీ రాసి ఊళ్లో చదివి వినిపిద్దామని. కువి, సవర, కొండదొర భాషలు వచ్చినోళ్లు చేతులు కలపండి. ముందుగా ఒక్క సాయం చెయ్యండి. ‘అంతరిక్ష నౌక’ని మీ అవ్వ ఏమంటుందో అడిగి కింద రాయండి. మాకు ఇప్పటికి మూడు మాటలొచ్చాయి. ఒకదానికి ఎగిరే పడవ అని అర్థం, ఇంకోదానికి పొగలేని బండి అని. మూడో అవ్వ మాత్రం, ముందు దాంట్లో ఎవరొచ్చారో చెప్పు, తర్వాత పేరు పెడతా అంది.