లెక్కకు రాని పరిశోధన

విశ్వవిద్యాలయం ఏ పరిశోధనకు ప్రాధాన్యమిస్తున్నదో తెలియాలంటే దాని ఆశయ ప్రకటనలకన్న ఖర్చుల పట్టికను చదవడం మేలు. అయితే ఆ పట్టిక దేనిని లెక్కిస్తున్నదన్నది ముందు ప్రశ్న. జాతీయ ర్యాంకింగుకు బయటి సంస్థలిచ్చిన ప్రాజెక్టు నిధుల మొత్తం కావాలి. న్యాక్ మూల్యాంకనంలోనూ పరిశోధన నిధులకు మార్కులున్నాయి. ఎంత వచ్చిందో ఆ సంఖ్య చెబుతుంది. వచ్చినదానితో ఏమి తెలిసిందో చెప్పదు.

దీని ఫలితం రాయలసీమలో చూడవచ్చు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలుమార్గం మీదున్నాయి. పట్టుమగ్గాల పదజాలం, 1565 తరువాత విజయనగర రాజధాని అయిన కోట పరిసరాల శాసనభాష, తెలుగు కన్నడాలు కలిసే సరిహద్దు వాడుక: మూడు పరిశోధనరంగాలు కొద్ది గంటల ప్రయాణంలో దొరుకుతాయి. వీటికి కోట్లు అక్కరలేదు. కావలసినవి టికెట్టు, రికార్డరు, చాలినంత కాలం. పదాలు చెప్పడానికి మగ్గం ఆపిన నేతగాడికి ఆనాటి కూలి కూడా కావాలి. ఆ కూలిని మనలో ఎందరం ప్రాజెక్టు అంచనాలో చేర్చాము?

అల్పవ్యయ పరిశోధన అల్పమైనది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ సంపుటం 1962లోను, చేనేత సంపుటం 1971లోను వెలువడ్డాయి. నేటికీ వాటిని తెరుస్తున్నాము. వాటికైన ఖర్చును ఎవరూ తలచుకోరు. మరమగ్గం వచ్చాక ఆ పదాలలో ఏవి నిలిచాయో, ఏవి పోయాయో ధర్మవరంలో మళ్లీ అడగవలసి ఉంది. ఆ పనికి పూనుకునే విద్యార్థికి గ్రంథాలయంలో ముగిసే అంశమే సులువని సలహా ఇచ్చేది కూడా మనమే.

కనుక నేరమంతా పాలకులది కాదు. నిధులు లేవని ప్రతి సదస్సులో వాపోతాము. వచ్చిన కొద్దిపాటి సొమ్ము లెక్కను సాటి పరిశోధకుల ముందుంచము. వినియోగ ధ్రువపత్రం దస్త్రంలో చేరడంతో బాధ్యత తీరిందనుకుంటాము. బడ్జెట్ కేటాయింపులను, చెల్లింపుల నివేదికలను అడగకముందే ప్రకటించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను ప్రభుత్వ సంస్థలకు విధించింది. శాఖ తనంత తాను అంతకన్న వివరంగా చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ప్రతి తెలుగుశాఖ ఏటా ప్రతి పరిశోధనకూ ఒక పుట ప్రకటించాలి. అంశం, తిరిగిన ఊళ్లు, వచ్చిన సొమ్ము, పరిశోధకుడు సొంతంగా పెట్టుకున్నది, సహకరించినవారికి ఇచ్చినది, సేకరించిన సామగ్రి భద్రపరచిన చోటు అందులో ఉండాలి. చిన్న మొత్తాలు చూపితే మనమే చిన్నబోతామని కొందరి భయం. నిజానికి చూపనందువల్లనే ఆ పని ఖర్చులేనిదన్న భ్రమ పాలకులలో స్థిరపడింది. ఖర్చులేని పనికి ఎవరూ నిధి కేటాయించరు. సొంత జేబునుండి పెట్టినది దాచడం త్యాగమనిపించుకోవచ్చు. తరువాత వచ్చే పరిశోధకుడికి మాత్రం అది అన్యాయమే.