పెట్టె సరే, పాట సంగతేమిటి?

దుబాయ్ నుంచి ఎవరైనా టూ-ఇన్-వన్ తెస్తే వీధివీధంతా చూడ్డానికి వెళ్లేదట. పాట కన్నా, దాన్ని కస్టమ్స్ వాళ్ల ముందు నుంచి ఎలా దాటించారన్న కథే ఎక్కువ రక్తి కట్టేదని మా పెదనాన్నగారు చెప్పేవారు.

ఇప్పుడా పెట్టె జేబులోకొచ్చేసింది. పైచదువులకి డల్లాస్‌కో, మెల్‌బోర్న్‌కో వెళ్లే కుర్రకారు నన్నడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నా! హార్డ్ డిస్క్ నిండా పాటలూ, సినిమాలూ ఉన్నాయి. పట్టుకుంటారా?"

ఈ భయం ఊరికే పుట్టలేదు. 2008లో 'ఆక్టా' అనే అంతర్జాతీయ ఒప్పందం మీద గుట్టుగా చర్చలు సాగుతుంటే, ఇక విమానాశ్రయాల్లో ఐపాడ్‌లు తెరిచి పాటలు లెక్కపెడతారని గగ్గోలు లేచింది. తీరా 2011లో సంతకాలయ్యేసరికి, ప్రయాణీకుల సామాన్లలో అమ్మకానికి కాని కొద్దిపాటి సరుకుని వదిలేయొచ్చని అందులోనే రాసుంది! దాన్ని కూడా 2012 జూలై 4న యూరోపియన్ పార్లమెంటు 478–39 ఓట్లతో తోసిపుచ్చింది. మన దేశపు 2007 నిబంధనలు సైతం సొంత సామాన్లలోని అలాంటి వస్తువుల్ని మినహాయించాయి.

అయినా ఒకమాట. పట్టుబడకపోవడం వేరు, న్యాయం వేరు. దొంగ కాపీ సినిమా సముద్రం దాటినంత మాత్రాన దొరసరుకైపోదు. మనం ఎగ్గొట్టిన టిక్కెట్టు డబ్బుల్లో లైట్‌బాయ్ కూలీ కూడా ఉందని మర్చిపోకండి.

అసలు భయపడాల్సింది పాటల గురించి కాదు, పక్కనే ఉన్న ఫోటోలూ, ఉత్తరాల గురించి! అమెరికాలో దిగినప్పుడు అధికారి ఫోను తెరవమని అడగొచ్చు. ఫోనులో ఉన్నవే చూడాలి తప్ప, ఇంటర్నెట్‌లో ఎక్కడో దాచుకున్నవి తెరవకూడదని అక్కడి కస్టమ్స్ శాఖ 2018 ఆదేశాల్లో ఉంది. 'తెరవను' అంటే అమెరికా పౌరుణ్ణి వెనక్కి పంపలేరు గానీ, వీసా మీద వెళ్లినవాణ్ణి పంపగలరు. కనుక అవసరమైనవే వెంట ఉంచుకోండి. మిగతావి ఇంట్లో భద్రపరచండి.

ఇక తిరుగు ప్రయాణం. ఇక్కడ కొన్న ఖరీదైన కెమెరా పట్టుకెళ్తున్నారా? వెళ్లేటప్పుడే కస్టమ్స్ వారికి చూపించి, దాని నంబరుతో ఎగుమతి సర్టిఫికెట్ రాయించుకోండి. లేకపోతే వచ్చేటప్పుడు "ఇది నాదే బాబూ" అని మొత్తుకున్నా, రుజువు చూపించాల్సింది మీరే. అక్కడ కొన్నవాటి లెక్క వేరు. 2016 నిబంధనల్లో సుంకం లేని పరిమితి 50,000 రూపాయలుగా ఉండేది. 18 ఏళ్లు నిండినవారికి ఒక లాప్‌టాప్ అదనం. ఈ అంకెలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు కస్టమ్స్ వారి వెబ్‌సైట్ ఓసారి చూసుకోండి. పరిమితి దాటితే రెడ్ ఛానల్‌లోకి నడిచి, సుంకం కట్టి, దర్జాగా బయటికి రండి.

అన్నట్టు, ఆవకాయ జాడీకి ఇచ్చే శ్రద్ధలో సగం రశీదులకిస్తే చాలు. ఏమంటారు?