ఆరడుగుల తాడు

మా అబ్బాయి కాపురం కాలిఫోర్నియాలో, కూపర్టినోలో. కిందటేడు నేనక్కడ ఆర్నెల్లు ఉండి వచ్చాను. పగటిపూట ఇంట్లో నా తెలుగు వినే ప్రాణి కోకో ఒక్కతే. కోకో అంటే మా కోడలు పెంచుకుంటున్న కుక్క. "రావే" అంటే వచ్చేది, "ఛీ" అంటే అలిగేది. అంతటి భాషాజ్ఞానం మా మనవడికి కూడా లేదు లెండి.

సాయంత్రం దాన్ని తిప్పుకురావడం నా ఉద్యోగమయింది. ఊరంచున కొండల్లో ఫ్రీమాంట్ ఓల్డర్ రక్షిత వనం ఉన్నది. కొండలమీదికి ఇళ్ళు పాకకుండా, 1972లో అక్కడి జనం ఓట్లు వేసి ఏర్పాటు చేసుకున్న సంస్థ ఒకటి ఇలాంటి నేలలను కాపాడుతున్నది. ఓల్డర్ (1856-1935) శాన్ ఫ్రాన్సిస్కోలో పత్రికా సంపాదకుడట. సంపాదకుడి పేర ఒక అడవి! ముచ్చట వేసింది.

దగ్గరలోని రాంచో శాన్ ఆంటోనియో వనంలోకి కుక్కలను రానివ్వరు. ఇక్కడ రానిస్తారు గాని, ఆరడుగులకు మించని తాడు కట్టాలి. నాకదే నిష్ఠూరం. మా ఊళ్ళో కుక్కకు తాడెవరు కట్టారు గనుక? ఒకనాడు అటూ ఇటూ చూసి, ఎవరూ లేరు గదా అని విప్పేశాను.

పొదలోంచి కౌజుపిట్టల గుంపు బుర్రున లేచింది. వాటి వెంటపడి కోకో లోయలోకి మాయమయింది. "రావే తల్లీ, రావే" అని గొంతు పోయేలా అరిచాను. పొద్దు వాలుతున్నది. ఆ కొండల్లో మౌంటెన్ లయన్ అనే పెద్దపిల్లి తిరుగుతుందని దారి మొదట్లోనే బోర్డు చదివాను. కోడలికి ఏం ముఖం చూపించను? అరగంటకు వచ్చింది మహాతల్లి, ఒళ్ళంతా ఆకులూ పుల్లలూ. గట్టిగా కావలించుకున్నాను. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

రెండోనాటికి చేతులూ మెడా ఎర్రగా పొంగి, నీటిపొక్కులు, ఒకటే దురద. కోడలు ఒక్కసారి చూసి, "మామయ్యగారూ, తాడు విప్పారా?" అన్నది.

ఆ పొదలు పాయిజన్ ఓక్ అట. మారేడు దళంలాగే మూడేసి ఆకులు. నా ఖర్మ గాకపోతే, కోసి శివుడికి పెట్టేవాణ్ణే! దాని జిడ్డు బొచ్చుకు అంటితే కుక్కకు సాధారణంగా ఏమీ కాదు. ఆ కుక్కను కావలించుకున్నవాడికి అవుతుంది.

"విప్పానమ్మా" అన్నాను. ఏమీ అనలేదు. మందు తెచ్చి ఇచ్చింది.

వారం తర్వాత, గుమ్మం దగ్గర తాడు పట్టుకుని తనే నిలుచున్నది. "పదండి, నేనూ వస్తాను." కొండ ఎక్కుతూ చెప్పింది: కౌజులు గూడు నేలమీదే పెడతాయట. కుక్క బెదిరిస్తే తల్లి లేచిపోతుంది. గుడ్లూ పిల్లలూ దిక్కులేనివవుతాయి. నేను తలవంచుకుని విన్నాను.

దిగేటప్పుడు తాడు నా చేతికిచ్చి, తను ముందు నడిచింది.